మిట్టమధ్యాహ్నపు మనుషులు

ఆ ఎండాకాలం మా ఇంట్లో ముగ్గురం ఒకే కుండలోంచి అంబలి తాగుతూ ఒకరికొకరం అబద్ధాలు చెప్పుకున్నాం. ముగ్గురిలో బాగా చెప్పేది నేనేనని నాకో నమ్మకం ఉండేది. అది కూడా ఆ ఎండాకాలమే పోయింది.

మా ఊరు వాగునూరు, ఖానాపూర్ దాటాక కాలువ చివర ఉంటుంది. కాలువ చివర అంటే నీళ్ళు పేరుకు మాత్రమే వచ్చే చోటు. వాన పడితే పత్తి, మక్క. పడకపోతే బీడీలు చుట్టుకోవడం. అలాంటి ఊరి మీద ఒక మందుల కంపెనీకి మనసైంది. గ్రామసభ పెట్టి అడిగితే ఊరంతా చేతులెత్తి వద్దంది. అయినా ఎండలు ముదిరేసరికి సర్వే వాళ్ళు, వాళ్ళ వెనక పోలీసులు వచ్చి బడిలో దిగారు.

వాళ్ళ తొందరకు కారణం ఉంది. వానలు పడేలోగా కొలతలు తీసి, కందకం తవ్వి, కంచె వేసేయాలి. ఒకసారి విత్తనం మొలిచిందంటే నిలబడ్డ పంట మీదికి మిషన్లు దించడం కష్టం. ఊరి తరఫున వేసిన కేసు కూడా అప్పటికి వాదనకు వస్తుంది. ముందు కంచె పడుతుందా, వాన పడుతుందా అని ఊరంతా మొగులు కేసి చూస్తూ కూర్చుంది.

మాకున్నది రెండెకరాల లావణి భూమి. మా మామ సామ్యూల్, అత్త మగ్దలేనమ్మ వయసులో ఉన్నప్పుడు సర్కారు వాళ్ళకు ఇచ్చిన రాళ్ళ దిబ్బ అది. ఇద్దరూ ఏళ్ళ తరబడి రాళ్ళు ఏరి దాన్ని పొలం చేశారు. నేను కాపురానికి రాకముందే అత్త పోయింది. ఏరిన రాళ్ళ కుప్ప ఇంకా గట్టు మీదే ఉంది. కంపెనీ గేటు సరిగ్గా అక్కడే వస్తుందట.

మా ఆయన ఎబినేజర్ హోంగార్డు. ఊరి మనిషి కాబట్టి ఊరి మొహాలు గుర్తుపడతాడని అతన్నే సర్వే క్యాంపు కాపలాకు వేశారు. భూమి పోతున్న ఇంట్లోంచే భూమి కొలిచేవాళ్ళకు కాపలా! నవ్వాలో ఏడవాలో తెలియక ఆయనకు రొట్టెలు కట్టి పంపేదాన్ని.

సర్వే వాళ్ళు తలకు ఎర్రరంగు పూసిన కర్రమేకులు పాతుకుంటూ పోయేవాళ్ళు. పొద్దున పాతినవాటిలో సగం మర్నాటికి ఉండేవి కావు. మళ్ళీ కొలవాలి, మళ్ళీ పాతాలి. దొంగలు చీకట్లో వస్తున్నారని ఎస్సై లైట్లు పెట్టించి, రాత్రంతా మా ఆయన్ని పొలాల చుట్టూ తిప్పాడు. రాత్రి ఒక్క మేకు కూడా పోయేది కాదు.

మా దగ్గర మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో ఆ ఎస్సైకి తెలియదు. ఆ వేళకు కుక్కలు కూడా మోరీల్లో దిగి పడుకుంటాయి. మనుషులు తలుపులు మూసి, గోనెపట్టాలు తడిపి కట్టుకుని చీకట్లో కూర్చుంటారు. పోలీసులైతే బడిలో కూలర్ ముందు నుంచి కదిలేవారు కాదు. పొలాల్లో పురుగు కూడా ఉండదని అందరూ అనుకునే వేళ అది. కాబట్టి ఎవరూ చూడరు.

నాకు సంగతి తెలిసింది బట్టలు ఉతికే దగ్గర. మామ తువ్వాల మీద ఎర్రటి మరక. మామ పాన్ తినడు. నాకు కోపం ముందొచ్చింది, భయం తర్వాత వచ్చింది.

"మామా, గీ ఎర్రరంగు ఏంది?"

మామ మంచం మీద బైబిలు చదువుతున్నాడు. కళ్ళజోడు తీయలేదు. "చర్చి గేటుకు రంగేసిండ్రు గదా, అంటుకున్నట్టుంది."

"చర్చి గేటుకు నీలిరంగు మామా."

అప్పుడు కళ్ళజోడు తీశాడు. నా వంక చూసి నవ్వాడు. "ఇంట్ల ఆడోళ్ళకు చెప్పద్దన్నదే మొదటి రూలు. గా రూలు పెట్టినోళ్ళ బట్టలు ఎవరు ఉతికిండ్రో మరి."

"ఎవరు పెట్టిండ్రు?"

"హ్యారిసన్ దొర. నువ్వప్పటికి పుట్టలే. మిషన్ దవాఖాన దొర, నేను ఆయన జీపు నడిపేటోన్ని. ఒకసారి కడెం అడవిల జీపు ఖరాబై ఆగిపోయినం. గప్పుడు చెప్పిండు, ఎవ్వలికి చెప్పనని నాతోని ఒట్టు పెట్టించుకొని."

దొర వయసులో ఉన్నప్పుడు ఇంగ్లండులో యుద్ధం. జర్మనీ వాళ్ళు సముద్రం దాటి వచ్చేస్తారని భయం. అప్పుడు పల్లెల్లో రైతుల్ని, పాలేర్లను, అడవి కాపలా వాళ్ళను కొద్దికొద్ది మందిగా రహస్యంగా పోగేశారట, వాళ్ళలో దొర ఒకడు. ఎప్పటిలాగే పొలం పని చేసుకుంటూ, అడవిలో నేల కింద గుంట తవ్వి అందులో దాక్కోవడం నేర్చుకోవాలి. శత్రువు ఊరు దాటి ముందుకు పోయేదాకా గుంటలో ఊపిరి బిగబట్టి ఉండి, ఆ తర్వాత వెనక నుంచి లేచి వాళ్ళ దారులు చెడగొట్టాలి. పెళ్ళానికి చెప్పకూడదు, తల్లికి చెప్పకూడదు. ఒక గుంట వాళ్ళకు ఇంకో గుంట వాళ్ళెవరో తెలియకూడదు. వయసులో ఉండి పట్నానికీ పోక, పటాలానికీ పోక ఊళ్ళో తిరుగుతున్నాడని అందరూ దొరను పిరికివాడన్నా నోరు తెరవలేదట.

"వచ్చిండ్రా మరి జర్మనోళ్ళు?"

"రాలే."

"గంత కష్టం దేనికి మరి?"

"వాళ్ళను ఆపుడు పల్లెటోళ్ళతోని అయ్యేది గాదు బిడ్డా. జర ఆలస్యం చేసుడే వాళ్ళ పని. మనది గంతే. ఎవ్వల్ని కొట్టేది లేదు, తిట్టేది లేదు. వాన పడేదాక ఆలస్యం చేసుడు."

"మనది అంటే? ఎంతమంది?"

"ఐదుగురం. నువ్వు నన్నొక్కన్నే చూసినవ్. మిగిలినోళ్ళ పేర్లు అడగకు. మేకులు ఏడ దాస్తున్నమో గది కూడ అడగకు. నీకు తెల్వకపోతే నీ నోట్లకెల్లి రాదు."

"నీ కొడుకు నౌకరి పోతది మామా. గా నౌకరి లేకుంటే మనం ఏం తినాలె?"

"వాడు రాత్రి కాపలా. మేము పగలు. రాత్రి మేకు పోతేనే వాన్ని అడుగుతరు."

అంత తెలివిగా ఆలోచించి పెట్టుకున్నాడు. తువ్వాలను సబ్బు పెట్టి రుద్దాను, మరక పోలేదు. మళ్ళీ రుద్దాను. ఆ సాయంత్రం మా ఆయన అడిగితే, మామ మధ్యాహ్నమంతా గురక పెట్టి పడుకున్నాడని చెప్పాను. గురక ఎలా పెట్టాడో చేసి చూపించాను కూడా. ఆయన నవ్వాడు.

మిగతావాళ్ళలో ఇద్దరిని నేను పసిగట్టాను. బీడీల చాట చంకలో పెట్టుకుని అన్ని ఇళ్ళూ తిరిగే మల్లక్క ఒకతె. గొర్లకాపరి పోశం ఇంకొకడు. పగటిపూట సంగతి పోలీసులకు తెలిసి క్యాంపు దగ్గర స్తంభానికి కెమెరా బిగించిన రోజు నుంచి, పోశం గొర్రెలకు ఆ స్తంభం చుట్టూ తప్ప గడ్డి రుచించలేదు. దుమ్ములో బొమ్మ కనపడట్లేదని ఆపరేటర్ తిట్టుకునేవాడట.

కెమెరాతో పాటు ఇంకోటి జరిగింది. మా ఆయన్ని రాత్రి కాపలా నుంచి తీసి మధ్యాహ్నం కాపలాకు వేశారు. ఆ రోజు ఇంటికి వచ్చి గడప మీద కూలబడ్డాడు.

"వానలు పడేలోపట దొంగ దొరకకుంటే నౌకరి పోవుడొక్కటే గాదట. కేసు నా మీదనేనట. ఊరోనివి నువ్వు, నీకు తెల్వకుంట ఎట్ల పోతయి అంటుండు ఎస్సై."

మామ గోడకు ఆనుకుని అంబలి తాగుతున్నాడు. గిన్నె కింద పెట్టి, "ఎండల తిరగకు ఎబ్బీ, వడదెబ్బ తగుల్తది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయన స్నానానికి లేవగానే మామను నిలదీశాను. "ఇగ బంద్ చెయ్యి మామా. ఎదురుంగ ఉన్నది నీ కొడుకు."

"తెల్సు."

"తెల్సుడు గాదు. బంద్ చెయ్యి."

"నేను బంద్ చేస్తే నలుగురు అయితరు. నలుగురు ముగ్గురు అయితరు. మీ అత్త చేతుల బొబ్బలు నువ్వు చూడలే షారోనూ."

ఇక అప్పటి నుంచి రోజూ అదే వరస. మధ్యాహ్నం అయ్యేసరికి కొడుకు యూనిఫాం తొడుక్కుని ముందు వాకిట్లోంచి పోయేవాడు. కాసేపటికి తండ్రి తలకు తడితువ్వాల చుట్టుకుని పెరట్లోంచి పోయేవాడు. వడదెబ్బ తగలకుండా జేబులో ఉల్లిగడ్డ పెట్టుకోవడం మా వైపు అలవాటు. ఇద్దరి జేబుల్లోనూ ఉల్లిగడ్డ పెట్టి పంపేదాన్ని. తలుపు వేసుకుని ప్రార్థనకు కూర్చుంటే, దేవుణ్ణి ఏమని అడగాలో తెలిసేది కాదు. పట్టుకోవాలని అడగనా, తప్పించుకోవాలని అడగనా? ఇద్దరూ ఇంటికొస్తే చాలని అడిగేదాన్ని.

మా ఆయన బండి సైలెన్సర్ అప్పుడే పగిలింది. వస్తుంటే ఊరి అవతలి నుంచి వినిపించేది. బాగు చేయించుకోమని రోజూ పోరేదాన్ని. "ఉండనీ, ఏమైతది" అనేవాడు. ఒట్టి సోమరితనం అనుకున్నాను.

రోహిణి కార్తె చివరికొచ్చింది. మొగులు పట్టి, ఊరించి, పోయేది. అదే వారం క్యాంపులోకి జేసీబీలు దిగాయి. కర్రమేకుల స్థానంలో సిమెంటు దిమ్మెలు పాతుతారని, ఆ మర్నాడే కందకం మొదలవుతుందని తెలిసింది. ఆ పొద్దు మామ ఎప్పటికన్నా ముందే తువ్వాల తడుపుకున్నాడు.

"ఇయ్యాల ఒద్దు మామా. పోలీసోళ్ళు శానమంది వచ్చిండ్రట."

"ఇయ్యాల గుంజితే మల్ల కొలవాలె. గా లోపట వాన పడ్తది." ఉల్లిగడ్డ తనే అడిగి తీసుకున్నాడు.

ఎండ నడినెత్తికొచ్చింది. మామ రాలేదు. అప్పటికి రావాలి. తలుపు చప్పుడైతే పరుగెత్తాను. మల్లక్క, చంకలో బీడీల చాట, మొహమంతా చెమట.

"గడిల పోలీసోళ్ళు కూసున్నరు. జర మజ్జిగ తీస్కపోయి ఇయ్యి."

"నేనెందుకక్కా?"

"మీ ఆయన గూడ ఆడనే ఉన్నడు. పెండ్లాం మజ్జిగ తెస్తే ఎవ్వలు ఏమనరు. ఇచ్చి, చూసి రా." వెళ్ళబోయి ఆగింది. "ఏం చూసినా నోరు మెదపకు."

గడి అంటే పొలాల అంచున పాత పటేలు ఇల్లు. కప్పు కూలింది, గోడలు మిగిలాయి, ఒక్క మూల కాస్త నీడ. ఆ మూలనే పటేలు జొన్నల పాతర ఉండేది. నేలలోకి తవ్విన గుంట. మెడ సన్నగా, కింద కడుపు వెడల్పుగా ఉండి పైన బండ మూత. అంత ధాన్యం మా వాడలో ఎవరికీ ఎప్పుడూ పండలేదు కాబట్టి పాతర సంగతులు మాకు తెలియవు. మూసిన పాతరలో గాలి చెడిపోతుందని, దీపం దించి చూడకుండా దిగకూడదని నాకు ఆ తర్వాత ఎవరో చెప్పారు.

ఇద్దరు కానిస్టేబుళ్ళు బండ మీదే కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పుతున్నారు. మా ఆయన కూలిన గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. ఎవరో సంచి మోసుకుని గడిలోకి రావడం దూరం నుంచి చూశారట. వచ్చి వెతికితే ఎవరూ లేరు. తను వచ్చేదాకా అక్కడి నుంచి కదలొద్దని ఎస్సై ఫోనులో చెప్పాడట.

"మంచిగొచ్చినవమ్మా" అన్నాడు వాళ్ళిద్దరిలో పెద్దాయన, మజ్జిగ చెంబు చూసి.

చిన్నవాడు డబ్బా బండ మీద పెడితే బండ కదిలి పప్పు ఒలికింది. వంగి చూశాడు. బండ అంచు కింద ఒక రాయి దోపి ఉంది, వేలు దూరేంత సందు వదిలి. "గిదే ఊపుతుంది" అని ఆ రాయిని లాగి అవతలికి విసిరాడు. బండ దబ్బుమని నేలకు అతుక్కుంది. దొర కథలోని గుంట గుర్తొచ్చింది నాకు, ఆ సందు లోపలి మనిషి ఊపిరికి వదిలింది.

ఆ రాయి పక్కన ఇంకోటి కూడా ఉంది, ఉల్లిగడ్డ. చిన్నవాడు దాన్ని కూడా తీసి ఊదాడు. "అరె, దేవుడే ఇచ్చిండు" అని బండ మీద పెట్టి పిడికిలితో గుద్ది చితక్కొట్టాడు. సగం తను తీసుకుని సగం మా ఆయనకు చాపాడు. మా ఆయన చెయ్యి ముందు తన చొక్కా జేబు మీదికి పోయింది. తర్వాత ఆ సగం ముక్క అందుకున్నాడు. తినలేదు.

గ్లాసు ఇచ్చే వంకతో ఆయన దగ్గరికి వెళ్ళాను.

"మీ బాపు..."

"తెల్సు." ఆయన పొలాల వైపు చూస్తున్నాడు.

"ఎప్పటి సంది?"

"నువ్వు తువ్వాల రెండుసార్లు ఉతికిన దినం సంది."

నేను ఇంట్లో పెట్టి చూపించిన గురక గుర్తొచ్చింది. పగిలిన సైలెన్సర్ కూడా గుర్తొచ్చింది. ఎండలో పడి అంత చప్పుడు చేసుకుంటూ వచ్చే కాపలావాడికి దొంగ ఎందుకు దొరుకుతాడు? ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో, అంత కోపమూ వచ్చింది. ఒక్క మాట చెప్పి ఉంటే!

"ఎస్సై ఎప్పుడొస్తడు?"

"ఖానాపూర్ల ఉన్నడట. శాన సేపు పడ్తది. ఆయన వచ్చి తిట్టి పోతే అందరం పోతం. గప్పటిదాక బాపు ఓపిక పట్టాలె."

"రాయి తీసేసిండు, చూసినవా?"

ఆయన రాయి పడిన వైపు ఒకసారి చూశాడు.

మామకు ఎండాకాలం పొడిదగ్గు. ఇంట్లో ఆ దగ్గుకు విసుక్కుని చచ్చేదాన్ని. ఇప్పుడు దానికోసం చెవులు రిక్కించి నిలబడ్డాను. దగ్గితే దొరికిపోతాడు, తెలుసు. అయినా దగ్గాలని కోరుకున్నాను. కింది నుంచి ఏ చప్పుడూ లేదు. కానిస్టేబుళ్ళు తింటున్నారు, ఎవరిదో ట్రాన్స్‌ఫర్ గురించి మాట్లాడుకుంటున్నారు.

గోడ అవతల కంపపుల్లలు ఏరుతున్నట్టుగా మల్లక్క కనపడింది. నా కళ్ళలోకి చూసి తల అడ్డంగా ఊపింది. చెప్పకు. ఒకడు దొరికితే ఐదుగురూ దొరుకుతారు. నాకు అర్థమైంది. అర్థమై కూడా ఆమె మీద రాయి విసరాలనిపించింది.

"బండ లేపు" అన్నాను మా ఆయనతో.

"నేను లేపితే నేనే పట్టిచ్చినట్టు అయితది."

"లేపకపోతే?"

ఆయన మజ్జిగ తాగకుండానే గ్లాసు నాకిచ్చేశాడు. బండ దగ్గరికి వెళ్ళాడు. "అన్నా, జర లేవుర్రి" అన్నాడు. వాళ్ళు మొహాలు చూసుకుని లేచారు. ఆయన డబ్బాలు ఒక్కొక్కటే తీసి, మూతలు పెట్టి, గోడ మీద వరసగా పెట్టాడు. తర్వాత బండ అంచు కింద వేళ్ళు దూర్చి ఎత్తాడు.

"బాపూ" అని పిలిచాడు. "రా బాపూ."

ఎవరూ పలకలేదు. మా ఆయన బూట్లతోనే లోపలికి దిగాడు. కాసేపటికి ముందు ఒక తెల్లటి తల, తర్వాత వేలాడుతున్న భుజాలు పైకి వచ్చాయి. కానిస్టేబుళ్ళు చంకల కింద చేతులు వేసి లాగారు. నేల మీద పడుకోబెట్టాక నేను చెంబులో ఉన్నదంతా ఆయన తల మీద, ఛాతీ మీద పోశాను. మజ్జిగో నీళ్ళో నాకు తెలియలేదు. చాలాసేపటికి ఛాతీ ఎగిసింది. దగ్గాడు. ఆ దగ్గు విని నేను గట్టిగా ఏడ్చేశాను.

మామ కళ్ళు తెరిచాడు. కానిస్టేబుళ్ళను చూశాడు, నన్ను చూశాడు, యూనిఫాంలో మోకాళ్ళ మీద కూర్చున్న కొడుకును చూశాడు. మాకందరికన్నా ముందు ఆయనకే అంతా అర్థమైంది.

"నన్ను పట్టుకున్నది వీడే" అన్నాడు కానిస్టేబుళ్ళతో. "నా కొడుకే. రాసుకోర్రి." కొడుకు వైపు తిరిగి ఉమ్మాడు. నోట్లో తడి లేక ఏమీ రాలేదు. అయినా ఉమ్మాడు.

ఎస్సై వచ్చి మా ఆయన భుజం తట్టి షాబాష్ అన్నాడు. పాతరలో మేకుల సంచులు దొరికాయి. మామను జీపులో ఎక్కించారు. మిగతావాళ్ళెవరని ఎంత అడిగినా, ముసలోన్ని, ఒక్కన్నే, పని లేక చేసిన అన్నాడట. పోలీసులకు దొంగ దొరికాడు, దొరికించినవాడు హోంగార్డు, వాళ్ళకు అంతకన్నా అవసరం పడలేదు. అందుకే కేసు మా మామ దగ్గరే ఆగిపోయింది.

మేకులు మళ్ళీ పాతడానికి కొలతలు మొదలుపెట్టిన వారంలోనే వాన పడింది. జేసీబీలు నల్లరేగడిలో దిగబడ్డాయి. ఊరు ఊరంతా పొలాల మీద పడి విత్తనం వేసింది. మామ అప్పటికి జైల్లోనే ఉన్నాడు. మాకు నాగలి ఎవరూ ఇవ్వలేదు, ట్రాక్టరు అడిగితే ఖాళీ లేదన్నారు. నేనూ మా ఆయనా కర్రతో పొడుచుకుంటూ పత్తిగింజలు పెట్టాం. నల్లా దగ్గర ఆడవాళ్ళు నా బిందెకు తమ బిందె తగలకుండా జరుపుకునేవాళ్ళు. తండ్రిని పట్టిచ్చినోని పెండ్లాం. మల్లక్క తను చూసింది చూసినట్టే ఊరికి చెప్పింది, ఆమె తప్పేమీ లేదు. పంద్రాగస్టుకు మా ఆయనకు మెచ్చుకోలు సర్టిఫికెట్ ఇచ్చారు. తెచ్చి బియ్యం డబ్బా కింద పెట్టాడు.

బెయిలు తెచ్చిన లాయరమ్మ పద్మలత మా ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది. "ఇంట్ల ఏం మాట్లాడుకుంటరో నాకు చెప్పకుర్రి. బయట మాత్రం బాపు, కొడుకు కలిసి కనపడద్దు. కొడుకుకు ముందుగాల్నే తెల్సని వాళ్ళకు డౌట్ వచ్చిందనుకో, ఇద్దరు లోపలికే. నిన్ను గట్టిగ అడిగితే, ఎబినేజరూ, నువ్వు రోజు ఎవరెవర్ని చూడనట్టు ఊకున్నవో గది బయటికొస్తది. కేసు కొట్టేసేదాక పగోళ్ళ తీరు ఉండాలె."

అలాగే ఉన్నాం. మామ బజార్లో కొడుకు ఎదురైతే మొహం తిప్పుకునేవాడు. ఇంట్లో కూడా వాకిలి తెరిచి ఉన్నంతసేపూ అంతే. పల్లెటూరి ఇంట్లో వాకిలి ఎప్పుడు మూసి ఉంటుంది గనక! "వాడు తిన్నడా?" అని నన్ను అడిగేవాడు, కొడుకు పక్క గదిలో ఉండగా.

అన్నిటికన్నా మామను కోసింది ఆదివారం. పగ పెట్టుకున్నవాడు రాజీపడకుండా ప్రభు సంస్కారపు రొట్టె, ద్రాక్షరసం తీసుకోకూడదు, మా సంఘంలో అది గట్టి మాట. సంస్కారం ఇచ్చే ఆదివారం కోసం మామ ముందు రోజే ధోవతి ఉతికి ఆరేసుకునేవాడు. ఇప్పుడు అందరూ ముందుకు వెళ్ళి మోకరిస్తుంటే వెనక బెంచీలో ఒక్కడే కూర్చునేవాడు. ధోవతి మాత్రం ఉతుక్కోవడం మానలేదు.

పత్తి మోకాలెత్తు వచ్చేసరికి కోర్టు స్టే ఇచ్చింది. కంపెనీ క్యాంపు ఎత్తేసింది. ఊరికి పండగైంది. ఆ ఆదివారం చర్చి ఆరాధన అయిపోగానే పాస్టరు అయ్యగారు, సంఘపెద్దలు మా ఇంటికొచ్చారు. వెనక పోశం, చాట చంకన పెట్టుకుని మల్లక్క, ఇంకా సగం వాడ. మా ఆయన డ్యూటీకి పోబోతూ యూనిఫాంలో చిక్కుకుపోయాడు.

"సామ్యూలూ" అన్నాడు అయ్యగారు, "పంట నిలవడ్డది. ఊరు నిలవడ్డది. ఇగ మీ ఇల్లు నిలవడాలె. పోరగాడు నౌకరికి భయపడి చేసిండు. చెయ్యి ఇయ్యి. వచ్చే వారం ఇద్దరు కలిసి సంస్కారానికి రార్రి."

"తప్పు నాదే అయ్యగారూ" అన్నాడు మా ఆయన, తల దించుకుని. "బాపును కాళ్ళు మొక్కి అడుగుతున్న."

వంగి కాళ్ళు పట్టుకున్నాడు. మామ చెయ్యి ఒళ్ళోంచి సగం లేచింది. ఒక్కసారి ఆ తల మీద చెయ్యి పెట్టేస్తే చాలు, ఊరంతా ఏడ్చి నవ్వి ఇంటికి పోతుంది. గుంపు చివర, గేటు దగ్గర, చిన్న కానిస్టేబుల్ బండి మీద కూర్చుని ఉన్నాడు, మా ఆయన్ని డ్యూటీకి ఎక్కించుకుపోవడానికి వచ్చి. అతనూ చూస్తున్నాడు.

మామ కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"నన్ను పాతర్ల కెల్లి బయటికి గుంజిన చెయ్యి అది" అన్నాడు. "నేను బతికున్నన్ని దినాలు పట్ట."

అయ్యగారు బైబిలు మూసి లేచాడు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. పోశం పోతూ మా ఆయన వీపు మీద చెయ్యి వేశాడు, ఎండాకాలం తర్వాత ఊళ్ళో ఒక మనిషి ఆయన్ని ముట్టుకోవడం అదే మొదలు. కానిస్టేబుల్‌తో, తిని వెనకాలే వస్తాడు పొమ్మని చెప్పి పంపాను. వాకిలి మూసి గొళ్ళెం పెట్టాను.

వెనక్కి తిరిగేసరికి మామ మంచం దిగి నేల మీద కూర్చుని ఉన్నాడు, కొడుకు ఎదురుగా. కొడుకు చెయ్యి తన రెండు చేతుల్లోనూ పట్టుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటే తడుముతున్నాడు, బండ ఎత్తినప్పుడు నలిగిన గోరు దగ్గర ఆగుతున్నాడు. మా ఆయన భుజాలు కదులుతున్నాయి.

తలుపు తట్టిన చప్పుడైంది. ఇద్దరూ చేతులు వదిలేసి చెరో గోడ వైపు తిరిగారు, నేను చెప్పకముందే.

మల్లక్క. బీడీల చాట మరిచిపోయిందట. లోపలికి వచ్చి, గోడ వైపు తిరిగి కూర్చున్న మామ వీపును, ఇంకో గోడ దగ్గర కళ్ళు తుడుచుకుంటున్న మా ఆయన్ని చూసింది. చాట తీసుకుని, గడప దగ్గర నా భుజం పట్టుకుంది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు.

"మీ మామది గింత రాతి గుండె అనుకోలే బిడ్డా."

"నేను గూడ అనుకోలే అక్కా" అని, తలుపు వేసుకున్నాను.